ఇంటర్వ్యూ అయింది, కబురు లేదు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది కావలికి దగ్గరలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. ముత్తుకూరు మత్స్య కళాశాలలో ఎం.ఎఫ్.ఎస్సీ. పూర్తి చేసి, మా ప్రాంతంలోనే ఒక రొయ్య పిల్లల హేచరీలో ల్యాబ్ చూసుకుంటున్నాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్నగారు వేసిన రొయ్యల గుంటలకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలి, వారం తిరిగేసరికి ఖాళీ అయిపోయాయి. రొయ్యల జబ్బుల మీద పరిశోధన జరిగే చోట పని చేయాలన్న కోరిక నాకు అప్పుడు పుట్టింది. ఇన్నేళ్లూ మరో ఉద్యోగం మీదికి మనసు పోలేదు.

జనవరిలో చెన్నైలోని ఒక సంస్థ సరిగ్గా అటువంటి ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. మొదట ఫోన్‌లో మాట్లాడారు, తర్వాత నేరుగా రమ్మన్నారు. ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన నన్ను ల్యాబ్ అంతా తిప్పి చూపించారు. నోటీస్ పీరియడ్ ఎంత అని, చెన్నైలో ఉండటానికి ఇంట్లో ఒప్పుకుంటారా అని అడిగారు. అయితే ఒక ప్రశ్నకు మాత్రం తడబడ్డాను. వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్షలో సీటీ విలువ (అది ఎంత ఎక్కువుంటే వైరస్ అంత తక్కువని లెక్క) 36 దగ్గర, అంటే ఉందనీ లేదనీ తేల్చలేని చోట వస్తే ఏం చేస్తారని అడిగితే, ఆ బ్యాచ్ రొయ్య పిల్లను పారబోయిస్తానని చెప్పాను. మళ్లీ శాంపిల్ తీసి పరీక్ష చేయాలన్న సంగతి నాకు తెలియనిది కాదు, రోజూ నేను చేసే పనే. బస్సెక్కి కూర్చున్న తర్వాత గుర్తొచ్చింది. పది రోజుల్లో చెబుతామన్నారు. నెల దాటిపోయింది.

రాత్రి డ్యూటీలో మైక్రోస్కోప్ కింద పిల్లను చూస్తూ మధ్యమధ్యలో గ్లవ్స్ తీసి మెయిల్ చూసుకుంటున్నాను. ఫోన్ చేసి అడిగితే విసుక్కుంటారేమోనని భయం. వేసవి పంటకు పిల్లను పోసే కాలం కాబట్టి, సీజన్ అంతా ఉంటావా లేదా అని మా హేచరీ యజమాని అడుగుతున్నారు. ఒంగోలు నుంచి వచ్చిన పెళ్లి సంబంధం వాళ్లు ఉద్యోగం సంగతి తేలాక మాట్లాడదామన్నారట. నాన్న పొద్దుగూకేసరికి ‘ఏమన్నా తెలిసిందా అమ్మా?’ అంటారు. ఆ మాట వినగానే ఏడుపొస్తోంది. ఇంత చదువుకుని ఒక్క ఉద్యోగం కోసం ఇలా అయిపోయానేమిటని సిగ్గుగా ఉంది. ఈ ఉద్యోగం వస్తుందంటారా? వచ్చేదాకా ఎలా ఉండాలి?

– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, నెల దాటినా కబురు రాలేదంటే ఉద్యోగం పోయిందని అర్థం కాదు. నోటీస్ పీరియడ్ అడిగారు కాబట్టి వచ్చినట్టేననీ కాదు. వస్తుందని మీకు ధైర్యం చెప్పడం నాకు తేలికే కానీ, ఆ ధైర్యం నాలుగు రోజులు కూడా నిలవదు కాబట్టి ఆ మాట చెప్పను. అందుకు బదులు, మీరు చెన్నైలో బస్సెక్కిన తర్వాత అక్కడ ఏం జరుగుతూ ఉంటుందో చెబుతాను. అభ్యర్థులకు ఎవరూ చెప్పని సంగతులు ఇవి.

ఇంటర్వ్యూ చేసిన వాళ్లు తమ అభిప్రాయాన్ని రాసి సిబ్బంది విభాగానికి పంపుతారు. ముగ్గురు కూర్చుంటే ముగ్గురూ రాయాలి. వాళ్లలో ఒకరు ఊళ్లో లేకపోతే ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది. మీ తర్వాత రావలసిన అభ్యర్థి తేదీ మార్చమని అడిగితే అందరికీ ఆలస్యమవుతుంది. అందరినీ చూసి ఒక పేరు అనుకున్నాక, ఆ జీతానికి ఆర్థిక విభాగం ఒప్పుకోవాలి. ఆర్థిక సంవత్సరం ముగిసే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని సంస్థలు కొత్త నియామకాలను ఏప్రిల్ దాకా ఆపి ఉంచుతాయి. ఇక అన్నిటికంటే ఎక్కువ జాప్యం జరిగేది మరొక చోట. మొదటి స్థానంలో నిలిచిన వ్యక్తికి ఆఫర్ ఇస్తారు, ఆయన ఆలోచించుకోవడానికి గడువు అడుగుతాడు, జీతం దగ్గర బేరం నడుస్తుంది, ఈలోగా రెండో స్థానంలో ఉన్నవారికి రాలేదని చెప్పరు, వచ్చిందనీ చెప్పరు. చెబితే ఆ రెండో మనిషి చేజారిపోతారని వాళ్ల భయం. ఆ మౌనం మనిషిని ఎంత నలిపేస్తుందో తెలిసి కూడా చాలా సంస్థలు ఇలాగే చేస్తాయి. ఇది అన్యాయమనే నేను అనుకుంటాను. రెండు వాక్యాల మెయిల్ పంపడానికి ఎవరికీ అంత తీరిక లేకుండా పోదు. కానీ ఆ అన్యాయాన్ని మీ యోగ్యతకు కొలతగా తీసుకోకండి. మీ జవాబులు ఎంత బాగున్నా, ఎంత తడబడినా, పైన చెప్పిన వాటిలో ఒక్కటీ మీ చేతిలో ఉన్నది కాదు.

మీరు గుర్తుపెట్టుకున్న సంకేతాల గురించి కూడా చెప్పాలి. నోటీస్ పీరియడ్, ఊరు మారడం గురించిన ప్రశ్నలు దాదాపు అందరినీ అడుగుతారు, చాలాచోట్ల ఫారంలోనే ఆ గడులు ఉంటాయి. ల్యాబ్ తిప్పి చూపించడం మాత్రం మర్యాదకంటే కొంచెం ఎక్కువే. మీతో మాట్లాడటం ఆయనకు నచ్చి ఉంటుందని అనుకోవచ్చు, అంతవరకే. అలాగే ఆ సీటీ విలువ ప్రశ్న. ఒక్క జవాబు తప్పితే మిగతావన్నీ కొట్టేసే పరీక్షకులు ఉంటారు కానీ, వాళ్లు తక్కువ. జబ్బు ఉందేమోనని అనుమానం తగిలిన పిల్లను రైతుకు అమ్మేస్తానని మీరు చెప్పి ఉంటే భయపడవలసిందే. మీరు తప్పినా జాగ్రత్త వైపే తప్పారు. ఆ జబ్బుల వల్ల తన ఇంటి గుంటలు ఖాళీ కావడం చూసిన మనిషి కంగారులో అలా చెప్పడంలో వింతేమీ లేదు.

ఆ ప్రశ్నలోనే మీకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. 36 దగ్గర వచ్చిన సీటీ విలువను చూసి బ్యాచ్ మొత్తం పారబోయడం ఎంత తొందరపాటో, ఏమీ లేదులెమ్మని రైతుకు ఇచ్చేయడం అంతే తొందరపాటని మీకు నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు మీ దగ్గరున్న సంకేతాలన్నీ అటువంటివే. వాటిని బట్టి మీరు ఒకపూట చెన్నైలో హాస్టల్ వెతుకుతున్నారు, మరోపూట ఇక ఈ జన్మకు ఇంతేనని ఏడుస్తున్నారు. పీసీఆర్ అయితే మరో శాంపిల్ తీసి మళ్లీ పెట్టవచ్చు. ఇక్కడ మళ్లీ పరీక్షించడానికి మీ దగ్గర శాంపిల్ లేదు. ఉన్న ఆ నాలుగు గుర్తులనే ఎన్నిసార్లు తిరగేసినా కొత్త ఫలితం రాదు.

ఇక సిగ్గు సంగతి. ఇది మీ బలహీనత అని మీరు అనుకుంటున్నారు. కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద కనిపించే రాయి కింద పాము ఉందో లేదో ఊహించమన్నారు. పాము ఉన్నప్పుడల్లా చేతికి నొప్పి పుట్టించే చిన్న కరెంటు షాకు తగిలేది. షాకు తప్పదని పూర్తిగా తెలిసిన సమయంలో కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సగం సగం అవకాశం ఉన్న సమయంలోనే వాళ్లకు చెమట ఎక్కువ పట్టింది, కంటిపాపలు ఎక్కువ విచ్చుకున్నాయి. చెడ్డ కబురును మనసు ఎలాగో మోస్తుంది కానీ, ఏ కబురో తెలియని స్థితిని మోయడమే దానికి ఎక్కువ కష్టం. ఉద్యోగం రాదని రేపు తెలిస్తే మీరు ఒకటి రెండు రోజులు గట్టిగా ఏడ్చి, మళ్లీ లేచి పనిలో పడతారు. ఇప్పుడు ఏడ్వడానికి కారణం లేదు, ఏడుపు ఆపడానికీ కారణం లేదు. అందుకే ఇంత అలసట.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ ప్రాంగణంలో కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ఎదురుచూపు మీదే చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. న్యాయశాస్త్రం చదివినవాళ్లు వకీలుగా నమోదు కావడానికి రాసే పరీక్ష ఫలితం అక్కడ సుమారు నాలుగు నెలలకు వస్తుంది. ఆ నాలుగు నెలల్లో అభ్యర్థులు ఎలా ఉంటున్నారో ఆమె బృందం గమనించింది. ధైర్యం తెచ్చుకోవాలని, మనసు మళ్లించుకోవాలని వాళ్లు చేసిన ప్రయత్నాలు బాధను పెద్దగా తగ్గించలేదు. అంతకంటే ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటి బయటపడింది. ఎదురుచూస్తున్నప్పుడు బాగా ఆరాటపడినవాళ్లే, చెడ్డ ఫలితం వచ్చినప్పుడు తొందరగా తేరుకుని తర్వాతి పని చూసుకున్నారు. మంచి ఫలితం వచ్చినప్పుడు ఎక్కువ సంతోషించిందీ వాళ్లే. నిశ్చింతగా కూర్చున్నవాళ్లకు చెడ్డ కబురు పిడుగులా తగిలింది. కాబట్టి మీ ఆందోళనను మొత్తంగా పోగొట్టుకోవాలని కంకణం కట్టుకోకండి. అది పోదు, పోవలసిన అవసరమూ లేదు. మీ నిద్రనూ మీ పనినీ అది తినేయకుండా దానికి ఒక హద్దు గీస్తే చాలు.

హద్దు గీయడానికి ముందు, మిగిలిపోయిన పని ఒకటి ఉంది. వాళ్లు చెప్పిన పది రోజులు ఎప్పుడో దాటాయి కాబట్టి, అడిగే హక్కు మీకు వచ్చింది. మీరు అడిగితే ఎవరూ విసుక్కోరు. మర్యాదగా ఒక్కసారి అడిగినందుకు ఎంపికైన మనిషిని తీసేసిన సంస్థ ఏదీ నాకు తెలియదు. ఫోన్ కంటే మెయిల్ మంచిది. ఇంటర్వ్యూ చేసిన పెద్దాయనకు కాకుండా, మిమ్మల్ని పిలిచిన సిబ్బంది విభాగం వాళ్లకు రాయండి. పనిదినాన ఉదయం పూట పంపండి. మీ పేరు, ఉద్యోగం పేరు, ఇంటర్వ్యూ జరిగిన తేదీ మొదటి వాక్యంలోనే ఉండాలి. ఆ ఉద్యోగం మీద మీకు ఇప్పటికీ అంతే ఆసక్తి ఉందని, ప్రస్తుతం పని చేస్తున్న చోట సీజన్ మొదలైనందున ఎప్పటిలోగా నిర్ణయం తెలియవచ్చో చెబితే ఏర్పాట్లు చేసుకుంటానని రాయండి. ఇది మొహమాటానికి రాసే మాట కాదు, మీకు నిజంగా ఉన్న అవసరం. సీటీ విలువ ప్రశ్నకు సరైన జవాబును ఆ మెయిల్‌లో ఇరికించకండి. ఇంటర్వ్యూ జరిగిన మర్నాడు ధన్యవాదాలు చెబుతూ రాసిన ఉత్తరంలో అయితే ఒక వాక్యంగా ఇమిడేది. నెల తర్వాత రాస్తే, మీరు ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నారని మాత్రమే వాళ్లకు తెలుస్తుంది. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి. దానికీ సరైన సమాధానం రాకపోతే ఇక మీరు అడగవలసినదేమీ లేదు. మరో చోట ఆఫర్ వస్తే మాత్రం, దానికి జవాబు చెప్పవలసిన తేదీతో సహా వీళ్లకు తెలియజేయవచ్చు. నిర్ణయాలు ఒక్కోసారి అప్పుడు కదులుతాయి.

హేచరీలో రాజీనామా మాట ఎత్తకండి. జీతం, చేరవలసిన తేదీ రాసి ఉన్న ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, అందులో వైద్య పరీక్ష, పాత ఉద్యోగ వివరాల పరిశీలన వంటి షరతులు ఏమున్నాయో చదివిన తర్వాతే ఆ ఆలోచన. ‘మీ పేరు ఖాయమైంది, కాగితం వస్తుంది’ అని ఫోన్‌లో చెప్పినా సరే, కాగితం వచ్చేదాకా ఆగండి. యజమాని అడిగినప్పుడు అబద్ధం చెప్పనక్కర్లేదు, అన్నీ విప్పి చెప్పనక్కర్లేదు. ‘ఇప్పటికైతే ఇక్కడే ఉన్నానండీ. మారే పరిస్థితి ఎప్పుడైనా వస్తే నోటీసు గడువు పూర్తి చేసి, నా స్థానంలో వచ్చేవాళ్లకు పని అప్పజెప్పి వెళ్తాను’ అనండి. ఏ యజమానికైనా కావలసింది సీజన్ మధ్యలో ల్యాబ్ గాలికి వదిలి పోరన్న భరోసా. అది మీరు ఇవ్వగలరు.

ఇప్పుడు హద్దు. మీరు మెయిల్ చూసుకోవడానికి రోజులో రెండు వేళలు పెట్టుకోండి, ఉదయం పదకొండు దాటాక ఒకటి, సాయంత్రం ఆఫీసులు మూసే వేళకు మరొకటి. అర్ధరాత్రి ఎవరూ ఆఫర్ లెటర్ పంపరు. డ్యూటీలో ఉన్నప్పుడు మెయిల్ నోటిఫికేషన్లు ఆపేసి, ఫోన్ మాత్రం మోగేలా ఉంచుకోండి. నిజంగా అవసరమైతే వాళ్లు ఫోన్ చేస్తారు. మీరు చేసే పని ఎంత సున్నితమైనదో మీకు చెప్పవలసిన పని లేదు. గ్లవ్స్ తీసి ఫోన్ తాకి మళ్లీ శాంపిల్ ముట్టుకోవడం వల్ల పరీక్ష ఫలితమే పాడయ్యే ప్రమాదముంది. ఈ ఒక్క అలవాటు మీరు ఈ రాత్రి నుంచే మానుకోవాలి, ఆ పిల్లను కొని గుంటలో పోసుకునే రైతు కోసమైనా.

మనసులో తిరిగే ఆలోచనలకు కూడా వేళ పెట్టుకోవచ్చు. థామస్ బోర్కోవెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లో ఈ పద్ధతిని పరీక్షించి ప్రచురించారు. ఇప్పటికీ మానసిక వైద్యులు దీన్ని చెబుతూనే ఉన్నారు. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట అరగంట కూర్చుని ఆందోళన పడటానికే ఆ సమయాన్ని కేటాయించాలి. మిగతా వేళల్లో ఆ ఆలోచన వచ్చినప్పుడు దాన్ని తరిమేయకుండా, సాయంత్రం చూసుకుందామని వాయిదా వేసి చేతిలో పనికి తిరిగి రావాలి. ఆ అరగంటలో కాగితం ముందు పెట్టుకుని రాయడం మంచిది. మొదటి రెండు మూడు రోజులు ఇది చాదస్తంగా అనిపిస్తుంది. తర్వాత మీకే తెలుస్తుంది, ఆ అరగంటలో రాసేదంతా నిన్న రాసినదేనని. నిద్రపోయే ముందు మాత్రం ఆ వేళ పెట్టుకోకండి.

ఇంకొక సాయం మీ చేతిలోనే ఉంది. ఎదురుచూపు కాలంలో మనిషికి నిజంగా ఉపశమనం ఇచ్చేది, పూర్తిగా మునిగిపోయి చేసే పని అని స్వీనీ బృందం తర్వాత చేసిన అధ్యయనాల్లో తేలింది. టీవీ చూడటం, ఫోన్‌లో రీల్స్ తిప్పడం ఆ కోవలోకి రావు, అవి నడుస్తూ ఉండగానే మనసు చెన్నై వెళ్లి వస్తుంది. చేతులూ కళ్లూ బుద్ధీ మూడూ కలిసి పని చేయాలి, పని కొంచెం కష్టంగానూ ఉండాలి. హేచరీలో ఇన్నాళ్లుగా మీరు పరీక్షించిన బ్యాచ్‌ల రికార్డులు మీ దగ్గర ఉంటాయి కదా. ఏ నెలల్లో అనుమానపు ఫలితాలు ఎక్కువ వచ్చాయి, మళ్లీ పరీక్షించినప్పుడు వాటిలో ఎన్ని నిలిచాయి, నీటి ఉప్పదనంతో వాటికేమైనా సంబంధం కనిపిస్తోందా? యజమాని అనుమతితో ఆ లెక్కలను ఒక పద్ధతిలో రాసి చూడండి. అది ఈ ఉద్యోగం వచ్చినా పనికొస్తుంది, మరో ఇంటర్వ్యూకు వెళ్లినా పనికొస్తుంది. మీరు తడబడిన ఆ ప్రశ్ననే మళ్లీ ఎవరైనా అడిగితే, అప్పుడు మీ దగ్గర సొంత లెక్కలతో కూడిన జవాబు ఉంటుంది.

ఈలోగా మరికొన్ని చోట్ల దరఖాస్తు చేయండి. అలా చేస్తే ఈ కోరికకు ద్రోహం చేసినట్టని కొందరు పిల్లలు భావిస్తారు. మీ ఉత్తరంలో మీరే రాశారు, మీ కోరిక రొయ్యల జబ్బుల మీద పని చేయడమని. ఆ పని జరిగే చోటు ఒక్కటే కాదు. చెన్నైలోనే 1987 నుంచి కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపక పరిశోధన సంస్థ ఉంది, దాన్నే మనవాళ్లు సీబా అంటారు. అటువంటి సంస్థల్లో ప్రాజెక్టుల కింద రిసెర్చ్ ఫెలోలను తీసుకునేటప్పుడు వెబ్‌సైట్‌లో ప్రకటనలు వేస్తారు. విదేశాల నుంచి వచ్చే వనామీ రకం తల్లి రొయ్యలను పరీక్షించే క్వారంటైన్ కేంద్రం కూడా చెన్నైలోనే ఉంది. దాన్ని సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ అయిన ఎంపెడాకు చెందిన రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం నడుపుతోంది. ఎం.ఎఫ్.ఎస్సీ. చేశారు కాబట్టి, వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి నిర్వహించే నెట్, ఏఆర్ఎస్ పరీక్షల సంగతి మీకు తెలిసే ఉంటుంది. వీటిలో ఒక్కదానికైనా ఈ నెలలో దరఖాస్తు పంపండి. తెలియని జవాబు ఒక్కటే ఉన్నప్పుడు దాని బరువు వేరు, నాలుగు ఉన్నప్పుడు వేరు.

మీ నాన్నగారితో మీరే మాట్లాడండి. ఆయన అడగడం ఆపలేక అడుగుతున్నారు. తన గుంటలు పోయిన నాటి నుంచి కూతురు ఈ దారి పట్టిందని ఆయనకు తెలియదనుకుంటున్నారా? ‘నాన్నా, కబురు వచ్చిన నిమిషమే మొదట నీకే చెబుతాను, అప్పటిదాకా నువ్వు అడగవద్దు, అడిగితే నాకు కష్టంగా ఉంది’ అని చెప్పండి. ఇలా సూటిగా చెబితే పెద్దవాళ్లు నొచ్చుకోరు. ఎలా సాయపడాలో తెలిసినందుకు కుదుటపడతారు.

పెళ్లి సంబంధం విషయంలో నా అభిప్రాయం దాచుకోను. మీరు ఏ ఊళ్లో ఉంటారో తెలుసుకోవాలనుకోవడం వాళ్ల వైపు నుంచి న్యాయమే. అలాంటప్పుడు ఒక తేదీ చెప్పి, ఆ తేదీ దాకా ఆగగలరా అని మీ నాన్నగారి చేత అడిగించండి. అలా కాకుండా, ఉద్యోగం వస్తే ఒక మాట, రాకపోతే ఒక మాట అన్నట్టుగా ఉంటే, ఆ ఇంటి గురించి మీరు కూడా రెండోసారి ఆలోచించాలి. ఈ రెంటిలో ఏదైనా సరే, ఇంటర్వ్యూ ఫలితానికి మీ పెళ్లి బరువు కూడా వేలాడదీయకండి.

ఒకవేళ రాలేదని తెలిస్తే, రెండు మూడు రోజులాగి, ఏ విషయంలో మెరుగుపడాలో చెప్పమని వాళ్లను అడగండి. అందరూ చెప్పరు. చెప్పిన ఒకరిద్దరి మాట మాత్రం ఎంతో విలువైనదిగా ఉంటుంది. అలాగే, ఈ ఎదురుచూపులో నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి సరిగ్గా లేకపోయినా, బతుకు మీద విరక్తి కలిగించే ఆలోచనలు ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: అమ్మా, మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ దగ్గర పని చేస్తాను. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లో వాడు ఎప్పటి నుంచో కోరుకున్న కంపెనీలో ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాడు. అప్పటి నుంచి గదిలోంచి బయటికి రావడం లేదు, బంధువులు వస్తే మేడ మీదికి వెళ్లిపోతున్నాడు. నిన్న ఒకతను నాకు ఫోన్ చేసి, మీ అబ్బాయి పేరు వెయిటింగ్‌లో ఉంది, ముప్పై వేలు డిపాజిట్ కడితే ఆఫర్ లెటర్ విడుదల చేస్తామన్నాడు. అబ్బాయి పేరు, చదివిన కాలేజీ అన్నీ సరిగ్గా చెప్పాడు. వాడికి తెలియకుండా కట్టేసి, సంతోషపెడదామని ఉంది. కట్టమంటారా?

– ఒక తండ్రి, చీమకుర్తి

సమాధానం: అయ్యా, ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. నిజంగా ఉద్యోగం ఇచ్చే కంపెనీ డిపాజిట్ అడగదు, అడిగినా అభ్యర్థిని వదిలేసి తండ్రికి ఫోన్ చేయదు. పేరు, కాలేజీ తెలిసినంత మాత్రాన నమ్మకండి. ఉద్యోగాల వెబ్‌సైట్లలో పిల్లలు పెట్టుకున్న బయోడేటాలో ఆ వివరాలన్నీ ఉంటాయి, వాటిని పోగుచేసి ఇలాంటి వాళ్లు ఫోన్లు చేస్తారు. ఫలితం కోసం ఎదురుచూసే ఇంటి ఆరాటమే వీళ్ల పెట్టుబడి. ఎంత తెలివైనవాళ్లయినా ఈ సమయంలోనే మోసపోతారు. ముప్పై వేలు కట్టాక ల్యాప్‌టాప్ కోసమని, శిక్షణ కోసమని మళ్లీ అడుగుతారు.

ఆ నంబరు, అతను ఫోన్ చేసిన సమయం రాసి పెట్టుకోండి. వాట్సాప్‌లో ఏమైనా పంపి ఉంటే చెరిపేయకండి. ఆధార్, బ్యాంకు వివరాలు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఏవీ చెప్పకండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే మాత్రం క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల సహాయ నంబరు. ఎంత తొందరగా చెబితే డబ్బు అవతలివాళ్ల ఖాతాలోనే ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. పంపకపోయినా చీమకుర్తి పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పడం మంచిది.

ఈ సంగతి అబ్బాయికి తెలియకుండా దాచాలనుకోకండి. అతనికే చెప్పండి, ఈ ఫోన్ ఇలా వచ్చింది, ఏం చేద్దామని సలహా అడగండి. కంపెనీ అసలు మెయిల్‌కు రాసి, ఇలాంటి ఫోన్ వచ్చిందని తెలియజేసే పని అతని చేత చేయించండి. ఇన్నాళ్లుగా ఇంట్లో అందరూ అతని చుట్టూ చప్పుడు కాకుండా తిరుగుతూ, అతన్ని రోగిని చూసినట్టు చూస్తూ ఉంటారు. ఇంటికి తన అవసరం ఉందని తెలిసే పని ఒకటి చేతికి వస్తే, ఆ గది తలుపు తెరుచుకోవడానికి అది సాయపడుతుంది.

బంధువుల విషయంలో మీరు ముందు నిలబడాలి. ‘ఫలితం ఇంకా రాలేదు, వచ్చాక మేమే చెబుతాం’ అని గుమ్మం దగ్గరే మీరు చెప్పేయండి, అతన్ని పిలిచి అడిగే అవకాశం ఇవ్వకండి. వాళ్లబ్బాయికి వచ్చింది, వీళ్లమ్మాయికి వచ్చింది అన్న ముచ్చట భోజనాల దగ్గర పెట్టకండి. ‘వస్తుందిలే’ అని రోజూ అనడం కూడా తగ్గించండి, అది రాకపోతే మీ మాట కూడా పోగొట్టానన్న బాధ అతనికి అదనంగా మిగులుతుంది. సాయంత్రం పని నుంచి వచ్చాక, ఉద్యోగం ప్రస్తావన లేకుండా బండి మీద ఒంగోలు దాకా తీసుకెళ్లి ఏదైనా పని చూసుకుని రండి. వారం రోజులు ఇలా చేసినా అతను తిండీ నిద్రా సరిగ్గా లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా అలాగే ఉంటే, పైన చెప్పిన 14416కు మీరే ఫోన్ చేయవచ్చు. ఇంట్లో వాళ్లు కూడా ఆ నంబరుకు మాట్లాడి సలహా తీసుకోవచ్చు.